రాతిపువ్వు: ఒక పేరు, రెండు జాతులు

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాలలోని మసాలా దినుసుల అంగళ్ళలో రాతిపువ్వు అనే సరకు ఒకటి అమ్ముతారు. ఒకవైపు బూడిదరంగు, మరొకవైపు నలుపు, అంచులు ముడుతలు పడి ఎండిన ఆకు తునకలవలె ఉండే ఆ పదార్థం చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. పచ్చిగా దానికి చెప్పుకోదగ్గ వాసన లేదు. నూనెలో వేగిన తరువాతనే మట్టి వాసనను తలపించే ఒక గంభీరమైన పరిమళం వస్తుంది. ఉర్దూ మాట్లాడే ఇండ్లలో దీనిని పత్థర్ కా ఫూల్ అంటారు. నిహారీకి, బిరియానీకి గుడ్డలో మూటకట్టి వేసే పోట్లీ మసాలాలో దీనికి స్థానం కలదు. మన సరిహద్దుకు ఆవలనున్న కన్నడిగులు కల్లు హూవు అంటారు. తమిళులు కల్పాసి అంటారు. మహారాష్ట్రులు దగడ్ ఫూల్ అంటారు. ఆయుర్వేదంలో ఇది శైలేయం. యునానీ వైద్యంలో ఉష్నా, ఛరీలా అనే పేర్లతో ప్రసిద్ధం.

ఇన్ని భాషలవారు రాతిని తలచి పేరు పెట్టిన ఈ వస్తువు నిజానికి పువ్వు కాదు. ఎల్లప్పుడూ రాతిమీదనే పెరిగేది కూడా కాదు. చెట్ల బెరడుమీద కూడా సమృద్ధిగా పెరుగుతుంది. ఇది లైకెన్ అనే జీవి. అంతకంటె ఆసక్తికరమైన సంగతి ఇంకొకటి ఉన్నది. రాతిపువ్వు అన్న పేరుతో ఒకే పొట్లంలోకి చేరే తునకలన్నీ ఒకే జాతివి కావు. వాటిలో సోదరులవలె పోలిన రెండు జాతులు, పార్మోట్రీమా పెర్లేటమ్, పార్మోట్రీమా రెటిక్యులేటమ్ అనేవి ఈ వ్యాసానికి విషయం. కంటికి ఒకటిగా తోచేవాటిని రెండుగా గుర్తించే మార్గమేది, అట్లా గుర్తించడం వలన ప్రయోజనమేది అన్న రెండు ప్రశ్నలకు ఇక్కడ సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను.

లైకెన్ స్వరూపం

లైకెన్ ఒకే జీవి కాదు; అది ఒక కాపురం. అందులో శిలీంధ్రం ఒకటి, శైవలం ఒకటి కలిసి జీవిస్తాయి. శిలీంధ్రానికి సొంతంగా ఆహారం తయారుచేసుకునే శక్తి లేదు. శైవలానికి ఆ శక్తి ఉన్నది గాని, ఎండకు, ఎండుగాలికి తట్టుకొని నగ్నశిలమీద నిలిచే బలం లేదు. శిలీంధ్రపు పోగులు గోడలై, కప్పై రక్షణ ఇస్తాయి. లోపలనున్న పచ్చని శైవలకణాలు సూర్యకాంతితో చక్కెరలు తయారుచేసి శిలీంధ్రాన్ని పోషిస్తాయి. మన రెండు జాతులలోను ఉండే శైవలం ట్రెబాక్సియా అనే ఏకకణ జీవి.

ఈ సత్యాన్ని 1867లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు సైమన్ ష్వెండెనర్ మొదట ప్రకటించినప్పుడు నాటి లైకెన్ పండితులు అనేకులు అంగీకరించలేదు. వారిలో అగ్రగణ్యుడు ఫిన్లాండు దేశీయుడైన విలియం నైలాండర్. ఆయన జీవితాంతం ఈ సిద్ధాంతాన్ని వ్యతిరేకించాడు. అయినప్పటికీ లైకెన్లను గుర్తించడానికి మనం నేటికీ వాడే రసాయన పరీక్షలను 1866లో ప్రవేశపెట్టినది ఆయనే. ఒక విషయంలో పొరబడినవాడు మరొక విషయంలో మార్గదర్శి కావడం శాస్త్రచరిత్రలో అరుదు కాదు. 2016లో మరొక విశేషం బయటపడినది. కొన్ని లైకెన్ల పైపొరలో ఈస్ట్ జాతికి చెందిన ఇంకొక శిలీంధ్రం కూడా ఉన్నట్లు టోబీ స్ప్రిబిల్ బృందం ప్రకటించినది. కాపురంలో ఎవరెవరున్నారన్న లెక్క ఇంకా పూర్తి కాలేదన్నమాట.

ఆకారాన్ని బట్టి లైకెన్లను స్థూలంగా మూడు తెగలుగా విభజిస్తారు. రాతికి పూసిన సున్నంవలె అంటుకొని, విడదీయ వీలులేకుండా ఉండేవి క్రస్టోస్ లైకెన్లు. ఆకులవలె పరచుకొని, అడుగున పోగులతో పట్టుకొని ఉండేవి ఫోలియోస్ లైకెన్లు. చిన్న పొదవలె నిలిచేవి, గడ్డంవలె వ్రేలాడేవి ఫ్రూటికోస్ లైకెన్లు. మూడవ తెగకు చెందిన ఉస్నియా అన్న ప్రజాతికి ఆ పేరు అరబ్బీలోని ఉష్నా అన్న మాటనుండే వచ్చినది. మన రాతిపువ్వులు రెండవ తెగకు, అనగా ఆకువంటి తెగకు చెందినవి.

ప్రపంచంలో సుమారు 20,000 లైకెన్ జాతులున్నట్లు అంచనా. మన దేశంలో 2,700కు పైగా జాతులు నమోదైనవి. ఈ కృషికి పునాది వేసినవారిలో లక్నోకు చెందిన ఆచార్య ధరణీధర్ అవస్థి ముఖ్యులు. భారత, నేపాల్ దేశాల పెద్ద లైకెన్లను గుర్తించడానికి 1988లో ఆయన ప్రచురించిన కుంజిక విద్యార్థులకు చాలాకాలం దారిదీపమైనది.

రెండు జాతుల పుట్టుపూర్వోత్తరాలు

పెర్లేటమ్ జాతికి ఆ పేరు పెట్టినవాడు ఇంగ్లండుకు చెందిన విలియం హడ్సన్, సంవత్సరం 1762. రెటిక్యులేటమ్ జాతిని 1836లో ఐర్లండులో థామస్ టేలర్ వర్ణించాడు. అనగా మొదటి జాతికి పేరు వచ్చిన 74 ఏండ్ల తరువాత గాని రెండవదానికి ప్రత్యేకమైన పేరు రాలేదు. తరువాత రెండూ పార్మీలియా అన్న పెద్ద ప్రజాతిలో ఉండగా, 1952లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారిస్ షువాజీ రెండింటినీ పార్మోట్రీమా ప్రజాతికి మార్చాడు. పాత వైద్యగ్రంథాలలో, మందుల సీసాలమీద పార్మీలియా పెర్లేటా అని కనిపించేది మన పెర్లేటమే.

1990లో వీరిద్దరి మధ్య ఒక గోడ లేచినది. పైతలంమీద తెల్లని వలవంటి గీతలున్న జాతులను వేరుచేసి రిమీలియా అన్న కొత్త ప్రజాతిని ఏర్పరచారు. రెటిక్యులేటమ్ ఆ ఇంటికి వెళ్ళినది. 2005లో డి.ఎన్.ఎ. వరుసలను పోల్చి చూసిన పరిశోధకులు ఆ విభజన నిలవదని తేల్చి, దానిని తిరిగి పార్మోట్రీమాలోనే చేర్చారు. పదిహేనేండ్లు వేరింట ఉండి మరల ఒకే కప్పుక్రిందికి చేరిన అన్నదమ్ముల కథవంటిది ఇది. ఒకే ప్రజాతి అయినంతమాత్రాన ఒకే జాతి కాదు. ఆ భేదాలను ఇప్పుడు పరిశీలిద్దాం.

కంటికి, కటకానికి కనిపించే లక్షణాలు

మొదట సామ్యాలు. రెండూ బూడిదరంగు కలిగి, గుండ్రని వెడల్పాటి తమ్మెలతో ఆకులవలె పరచుకుంటాయి. రెండింటి అడుగుభాగమూ నలుపు, అంచువైపు గోధుమరంగు. రెండింటి అంచులలోను నల్లని రోమాలవంటి శైలికలుంటాయి. రెండూ ఒకే విధంగా వ్యాపిస్తాయి. తమ్మెల అంచులు విచ్చి, పిండివంటి పొడి బయటికి వస్తుంది. దానిని సొరీడియా అంటారు. ప్రతి రేణువులోను కొన్ని శైవలకణాలు, వాటిని చుట్టుకొన్న శిలీంధ్రపు పోగులు ఉంటాయి. గాలికో వానచినుకుకో కొట్టుకొనిపోయి ఎక్కడ పడినా అక్కడ దంపతులిద్దరూ కలిసి కొత్త కాపురం పెట్టడానికి ఇది ప్రకృతి చేసిన ఏర్పాటు.

ఇన్ని సామ్యాలున్నందున అంగడిలో రెండూ ఒకటే అనుకోవడంలో వింత లేదు. పది రెట్లు పెద్దదిగా చూపే చేతి కటకంతో నిదానంగా చూసినప్పుడు ఈ క్రింది భేదాలు తెలుస్తాయి.

(1) పైతలం: పెర్లేటమ్ పైతలం నునుపుగా, ఒకే రంగులో ఉంటుంది. రెటిక్యులేటమ్ పైతలంమీద సన్నని తెల్లని గీతలు వలవలె అల్లుకొని ఉంటాయి. ముదిరిన భాగాలలో ఆ గీతల వెంబడి పగుళ్ళు కూడా ఏర్పడతాయి. లాటిన్ భాషలో రెటిక్యులమ్ అంటే చిన్న వల. ఈ లక్షణమే ఆ జాతికి పేరైనది. లోపలి శైవలాల పొర ఎడతెగకుండా ఉండక మధ్యమధ్య ఖాళీలుండటమే ఈ తెల్లని గీతలకు కారణం.

(2) అడుగుతలం: లైకెన్ను ఆధారానికి పట్టివుంచే నల్లని పోగులను రైజీన్లు అంటారు. పెర్లేటంలో అవి మధ్యభాగంలోనే ఉండి, అంచుదగ్గర నున్నని గోధుమరంగు పట్టీని వదలిపెడతాయి. రెటిక్యులేటంలో అవి అంచుదాక వ్యాపిస్తాయి.

(3) శైలికలు: పెర్లేటంలో ఇవి పొట్టివి, విరళమైనవి, కొన్ని తునకలలో వెదకి చూడవలసి వస్తుంది. రెటిక్యులేటంలో సాధారణంగా సులభంగా కనిపిస్తాయి.

(4) సొరీడియా ఏర్పడే చోటు: పెర్లేటంలో అవి తమ్మె అంచు వెంబడి గీతవలె, కొన్నిచోట్ల మడిచిన పెదవివలె వరుసగా ఉంటాయి. రెటిక్యులేటంలో తమ్మెల కొనలవద్ద చిన్న చిన్న ముద్దలుగా కూడా కనిపిస్తాయి.

ఈ నాలుగింటిలో మొదటిదే ప్రధానం. అయితే అంగడి సరకు మూటలలో నలిగి, ఏండ్ల తరబడి నిలువయుండి, రంగు మారి ఉంటుంది. వల గీతలు కనబడని తునక పెర్లేటమే అని నిశ్చయించడం తొందరపాటు. ఇక్కడ రసాయనశాస్త్రం సహాయానికి రావలెను.

రసాయన సాక్ష్యం

లైకెన్లలోని శిలీంధ్రం ఇతర జీవులలో సాధారణంగా దొరకని కొన్ని పదార్థాలను తయారుచేసి, తన పోగుల వెలుపలితలంమీద స్ఫటికాలుగా పేర్చుకుంటుంది. ఇటువంటివి వేయికిపైగా తెలిసినవి. మన రెండు జాతుల పైపొరలో అట్రనోరిన్ అన్న పదార్థం సమానంగా ఉంటుంది. భేదమంతా లోపలి తెల్లని దవ్వలోనే ఉన్నది. పెర్లేటమ్ దవ్వలో ప్రధానమైనది స్టిక్టిక్ ఆమ్లం. రెటిక్యులేటమ్ దవ్వలో ప్రధానమైనది సలజినిక్ ఆమ్లం.

ఈ రెండు ఆమ్లాలు కూడా దగ్గరి చుట్టాలే. రెండూ డెప్సిడోన్లు అనే వర్గానికి చెందినవి. స్టిక్టిక్ ఆమ్లపు అణువులో 19 కార్బన్, 14 హైడ్రోజన్, 9 ఆక్సిజన్ పరమాణువులుంటాయి. సలజినిక్ ఆమ్లంలో 18 కార్బన్, 12 హైడ్రోజన్, 10 ఆక్సిజన్. అణుభారాలు వరుసగా 386, 388. భేదం కేవలం రెండు. ఇంత సూక్ష్మమైన భేదాన్ని కంటికి కనిపించే రంగుగా మార్చి చూపేది నైలాండర్ మనకిచ్చిన పొటాషియం హైడ్రాక్సైడ్ పరీక్ష.

పరీక్షా విధానం సులభం. పొడి తునకను తెల్లని పింగాణి పలకమీద ఉంచి, పదునైన బ్లేడుతో పైపొరను సున్నితంగా గీకి, తెల్లని దవ్వను బయటపెట్టవలెను. పైపొరమీదనే ద్రావణం వేస్తే అట్రనోరిన్ కారణంగా రెండు జాతులలోను పసుపు రంగే వస్తుంది. దానితో ఏమీ తేలదు. అందువలన గీకడం తప్పనిసరి. సుమారు పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణాన్ని సన్నని గాజుకడ్డీతో దవ్వమీద చుక్కంత తాకించి, ఒక నిమిషం వేచి చూడవలెను. పసుపు రంగు వచ్చి, క్రమంగా నారింజవైపు మాత్రమే మళ్ళితే అది స్టిక్టిక్ ఆమ్లం. పసుపు రంగు వచ్చి, చూస్తుండగానే రక్తవర్ణానికి మారితే అది సలజినిక్ ఆమ్లం. ఇదే చర్యను సూక్ష్మదర్శిని క్రింద జరిపితే సూదులవంటి ఎర్రని స్ఫటికాలు ఏర్పడటం చూడవచ్చు. ఈ ద్రావణం చర్మాన్ని, కంటిని కాల్చే స్వభావం కలది. అధ్యాపకుల సమక్షంలోనే వాడవలెను.

రెండవ పరీక్ష విరంజన చూర్ణపు ద్రావణంతో చేసేది. మన రెండు జాతుల దవ్వమీదను ఇది రంగు ఇవ్వదు. అయినా దీనిని చేయడం మంచిది. ఎందుకంటే అంగడి మూటలోకి పార్మోట్రీమా టింక్టోరమ్ అన్న మూడవ సోదరుడు కూడా వస్తుంటాడు. దాని దవ్వలో లెకనోరిక్ ఆమ్లం ఉన్నందున ఈ ద్రావణం తగలగానే ఎర్రబడుతుంది. పిండివంటి సొరీడియాకు బదులు దాని పైతలంమీద ఐసిడియా అనే సన్నని మొటిమలవంటివి ఉంటాయి; అంచున శైలికలుండవు. ద్రావణం తాజాగా ఉండవలెను. నిలువయుంచితే దాని శక్తి నశిస్తుంది.

మూడవ పరీక్ష పారా ఫెనిలీన్ డయమీన్‌తో చేసేది. దీనిని 1930ల దశకంలో జపాను శాస్త్రజ్ఞుడు యసుహికో అసహినా ప్రవేశపెట్టాడు. తలకు వేసే రంగులలో వాడే ఈ పదార్థం విషపూరితం. పైగా మన రెండు జాతులలోను నారింజ ఛాయలే ఇస్తుంది గనుక, మన ప్రశ్నకు ఇది అనవసరం.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఎరుపు రంగు వచ్చినంతమాత్రాన అది రెటిక్యులేటమ్ అని తీర్పు చెప్పరాదు. హిమాలయ ప్రాంతాలనుండి వచ్చే రాతిపువ్వులో హైపోట్రకైనా సిర్రేటా అనే ఇంకొక లైకెన్ తరచుగా కలిసి ఉంటుంది. దానిలోను సలజినిక్ ఆమ్లమే ఉన్నది, అదీ ఎర్రబడుతుంది. అయితే దాని తమ్మెలు వెడల్పాటి ఆకులవలె గాక, సన్నని పట్టీలవలె, అడుగున కాలువ తీసినట్లు ఉంటాయి. పిండిపొడి ఉండదు. అట్లే పెర్లేటంలో నారస్టిక్టిక్ ఆమ్లం స్వల్పంగా ఉన్నప్పుడు ఒక ఎర్రని జీర కనిపించే అవకాశమూ కలదు. అందుచేత రూపాన్ని విడిచి రసాయనాన్ని, రసాయనాన్ని విడిచి రూపాన్ని నమ్మరాదు. ఇద్దరు సాక్షులూ ఒకే మాట చెప్పినప్పుడే తీర్పు. సందేహం మిగిలితే పలుచని పొర క్రొమాటోగ్రఫీ అనే పద్ధతి ఉన్నది. దీనిని లైకెన్ల కోసం 1970లో అమెరికాకు చెందిన చిచిటా కల్బర్సన్, ఆమె సహచరుడు ప్రామాణికం చేశారు. ఆమ్లాలను ఒకదానినుండి ఒకటి విడదీసి చూపే ఈ పద్ధతి డిగ్రీ కళాశాల ప్రయోగశాలకు అందనిదేమీ కాదు.

ఈ భేదంతో మనకేమి పని?

వంటవానికి ఈ భేదం పెద్దగా పట్టకపోవచ్చు. రుచి కుదిరితే ఆయన పని పూర్తి అయినది. వైద్యునికి, విద్యార్థికి, వర్తకునికి మాత్రం ఇది అవసరం. మూడు కారణాలు చెప్పవచ్చు.

మొదటిది ఔషధం. ఒక మందు గుణాన్ని పరీక్షించినప్పుడు ఆ ఫలితం పరీక్షించిన జాతికే చెందుతుంది. పెర్లేటమ్ పేరుతో రాసిన గుణాలను, మూడు నాలుగు జాతులు కలిసిన పొడికి ఆపాదించడం న్యాయం కాదు. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు 2005లో ప్రచురించిన పరిశీలనలో మన దేశపు అంగళ్ళలో లైకెన్ల వాణిజ్యాన్ని, వాడుకను వివరించారు. శైలేయమనండి, ఉష్నా అనండి, పేరు పవిత్రమైనంతమాత్రాన పొట్లం స్వచ్ఛమైనదని చెప్పలేము. వైద్యం చేసే హకీములకు, వైద్యులకు ఒక గాజుకడ్డీ, ఒక చుక్క క్షారం చేయగల మేలు ఇది.

రెండవది గాలి. లైకెన్లకు వేర్లు లేవు. తమకు కావలసినదంతా గాలినుండి, వాననుండి, ధూళినుండి గ్రహిస్తాయి. గాలిలో సీసంవంటి లోహాలుంటే వాటినీ గ్రహించి దాచుకుంటాయి. ఈ కారణంగా అవి గాలి నాణ్యతకు సాక్షులైనవి. 1866లో నైలాండరే పారిస్ నగరంలోని లక్సెంబర్గ్ ఉద్యానంలో లైకెన్ల ఉనికినిబట్టి గాలి మంచిచెడ్డలు తెలుసుకోవచ్చునని గమనించాడు. 1970లో ఇంగ్లండులో హాక్స్‌వర్త్, రోజ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు చెట్లమీది లైకెన్లనుబట్టి గాలిలోని గంధక డయాక్సైడును అంచనా వేయడానికి సున్నా నుండి పది వరకు మెట్లు గల కొలబద్దను తయారుచేశారు. అందులో మన రెండు సోదరజాతులూ ఎనిమిదవ మెట్టువద్ద, అనగా ఘనమీటరు గాలిలో గంధక డయాక్సైడు సుమారు 35 మైక్రోగ్రాములకు తగ్గిన చోట, కనిపించడం ప్రారంభిస్తాయి. మంచి గాలిని కోరే జీవులు ఇవి. కాబట్టి మనం తినే రాతిపువ్వు ఏ జాతిది అన్న ప్రశ్నతోపాటు, ఏ చోటిది అన్న ప్రశ్న కూడా అడగవలసి ఉన్నది. వాహనాల రద్దీ గల బాట ప్రక్కన సేకరించినది, నిర్మలమైన అడవిలో సేకరించినది ఒకటి కావు.

మూడవది వనరు. ఆకువంటి లైకెన్లు ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతాయి. అరచేయి అంత తునక తయారు కావడానికి ఎన్నో ఏండ్లు పడుతుంది. దానిని పెరికివేయడానికి ఒక్క క్షణం చాలు. వేరువేరు జాతులు ఒకే పేరుతో టన్నులలెక్కన అమ్ముడుపోతున్నప్పుడు, వాటిలో ఏది తరిగిపోతున్నదో, ఏది నిలదొక్కుకొన్నదో చెప్పడానికి ఆధారమే ఉండదు. పేరు లేనిదానికి లెక్క లేదు. లెక్క లేనిదానికి రక్షణ లేదు.

ధర్మవరం విద్యార్థులకు ఇంకొక మాట. పైన చెప్పిన మూడవ సోదరుని పేరులోని టింక్టోరమ్ అన్న లాటిన్ మాటకు అద్దకపువారిది అని అర్థం. దానిలోని లెకనోరిక్ ఆమ్లం అమ్మోనియా సమక్షంలో, గాలి తగులుతుండగా, క్రమంగా ఊదారంగుగా మారుతుంది. ఇది పట్టుకు, ఉన్నికి నేరుగా పట్టే రంగు. ప్రయోగశాలలో ఆమ్లక్షారాలను గుర్తించడానికి వాడే లిట్మస్ కూడా రాక్సెల్లా అనే లైకెన్లనుండి పుట్టినదే. పట్టు నేసే ఊరివారు ఈ జ్ఞానాన్ని ప్రయోగశాల పరీక్షవరకే ఉంచుకొనుట మేలు. ఇంత నిదానంగా పెరిగే జీవిని అద్దకపు తొట్టెలకు తరలిస్తే కొండలు బోసిపోతాయి.

మన కొండలమీది లైకెన్లు

రాతిపువ్వు అన్న పేరు విని, పెనుకొండ బండలమీది మచ్చలే అంగడికి వస్తున్నవని కొందరు భావించవచ్చు. అది నిజం కాదు. పెర్లేటమ్, రెటిక్యులేటమ్ చల్లదనాన్ని, మంచు తేమను కోరుకుంటాయి. అంగడి సరకు ముఖ్యంగా హిమాలయ ప్రాంతాలనుండి, పశ్చిమ కనుమలు, నీలగిరులవంటి ఎత్తయిన కొండలనుండి వస్తుంది. 2022 వరకు అనంతపురం జిల్లాలోను, అటు తరువాత శ్రీ సత్యసాయి జిల్లాలోను ఉన్న మన ప్రాంతంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. వేసవిలో ఇక్కడి నగ్నశిల చేయి పెట్టలేనంతగా కాలుతుంది. ఇక్కడ ఎక్కువగా కనిపించేవి మొదటి తెగకు చెందిన క్రస్టోస్ లైకెన్లు. బండలమీద బూడిద, పసుపు, నారింజ రంగులలో నాణెములవలె, దేశపటాలవలె కనిపించే మచ్చలు అవే. అవి రాతి మరకలు కావు, ప్రాణులు. నెలల తరబడి ఎండి చచ్చినట్లు పడివుండి, తొలకరి చినుకు తగిలిన కొద్ది నిమిషాలలోనే మేలుకొని తమ పని ప్రారంభిస్తాయి. అనావృష్టిని ఓర్చడంలో మన సీమ రైతుకు అవి తోడుబోతులు.

వీటిని గీకరాదు. ఇవి మసాలా కావు, తినదగినవీ కావు. వీటి విలువ వేరు. 1950లో రోలండ్ బెషెల్ అనే శాస్త్రజ్ఞుడు లైకెన్ మచ్చల వ్యాసాన్ని కొలిచి రాతితలం ఎంతకాలంగా గాలికి తెరచి ఉన్నదో అంచనా వేసే పద్ధతిని శాస్త్రబద్ధం చేశాడు. 1565 తరువాత విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండలో, సమీపంలోని లేపాక్షిలో శతాబ్దాల నాటి రాతికట్టడాలున్నవి. శాసనాలవలన కాలం తెలిసిన రాతిమీది మచ్చను కొలిస్తే, ఆ జాతి పెరిగే వేగానికి ఒక ఆధారం దొరకవచ్చు. అయితే ఇక్కడ కూడా మన మొదటి పాఠమే వర్తిస్తుంది. ప్రతి జాతికి పెరిగే వేగం వేరు. చూడటానికి ఒకటిగా ఉన్న రెండు జాతులను ఒకటిగా భావించి కొలిస్తే లెక్క తప్పుతుంది. జాతిని గుర్తించడం ముందు, కొలవడం తరువాత. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయ పరిశోధకులు లక్నో శాస్త్రజ్ఞులతో కలిసి 2010 తరువాతి సంవత్సరాలలో ఆంధ్రప్రదేశ్ లైకెన్లను గురించి వ్యాసాలు, జాబితాలు ప్రచురించారు. మన పొరుగు జిల్లాలో జరిగిన పని మన బండలమీద కొనసాగకపోవడానికి కారణం లేదు.

విద్యార్థులు చేయదగిన పని

ఖరీదైన పరికరాలు లేకుండానే ఒక విద్యాసంవత్సరంలో మన వృక్షశాస్త్ర, రసాయనశాస్త్ర విభాగాల విద్యార్థులు కలిసి చేయదగిన పని ఒకటి ఉన్నది. మూడు పట్టణాల అంగళ్ళనుండి కొద్దికొద్దిగా రాతిపువ్వు కొని, ప్రతి పొట్లంనుండి వంద తునకలు లెక్కించి వేరుచేయవలెను. ప్రతి తునకకు పైతలం, అడుగుతలం, శైలికలు, పిండిపొడి, క్షారపు రంగు, విరంజన చూర్ణపు రంగు అనే ఆరు గళ్ళు గల పట్టిక వ్రాయవలెను. ఆరు గళ్ళూ ఏకీభవించినవాటికే పేరు వ్రాసి, ఏకీభవించనివాటిని సందిగ్ధం అన్న వేరు వరుసలో ఉంచవలెను. సందిగ్ధాన్ని దాచిపెట్టి లెక్క చక్కగా కనిపించేటట్లు చేయడం కంటె, దానిని ఉన్నదున్నట్లు చూపడమే శాస్త్రం. ఉర్దూ తెలిసిన విద్యార్థులు వర్తకులనుండి, హకీములనుండి ఉర్దూ పేర్లను, వాడుకలను సేకరించవచ్చు. తెలుగు విద్యార్థులు తెలుగు పేర్లను సేకరించవచ్చు. ఇంత అల్పమైన వస్తువు కోసం రెండు విభాగాలు, రెండు భాషలు ఒక బల్లవద్ద కూర్చోవడం మన కళాశాల స్వభావానికి తగిన పనియే. కళాశాల కమిటీవారు పది చేతి కటకాలు, కొన్ని గాజుకడ్డీలు, నమూనాలు భద్రపరచడానికి ఒక చెక్క అలమర సమకూర్చితే చాలును.

పెర్లేటమ్, రెటిక్యులేటమ్ అన్న ఈ రెండు జాతులు మనకు నేర్పే పాఠం లైకెన్లకే పరిమితమైనది కాదు. పోలిక కనిపించినచోట విచారణ ముగియదు, అక్కడే మొదలవుతుంది. 74 ఏండ్ల పాటు రెండవ జాతికి పేరు లేదు. పేరు వచ్చిన తరువాత దాని ప్రజాతి మారినది, మరల మారినది. ఇటీవలి డి.ఎన్.ఎ. పరిశోధనలు రెటిక్యులేటమ్ అన్న ఒక్క పేరుక్రింద కూడా ఒకటికంటె ఎక్కువ వంశశాఖలు దాగి ఉన్నట్లు చూపుతున్నవి. అనగా నేడు మనం రెండు అని చెప్పుకొన్నవి రేపు మూడో నాలుగో కావచ్చు. శాస్త్రం మాట మార్చుకొన్నదని దీనిని తప్పుపట్టరాదు. ఇంకొంచెం దగ్గరగా చూసినదని గ్రహించవలెను. అట్లా దగ్గరగా చూడటానికి కావలసినవి ఒక కటకం, ఒక చుక్క ద్రావణం, ఒక నిమిషం ఓర్పు.